ర్యాంపు మీద వడ్లు

మనాంగ్ సాల్వింగ్ నోట "కాదు" అన్న మాట విన్నవాళ్లు మా లనాస్‌లో ఎవరూ లేరు. ఆ వానరోజు దాకా లేరు. ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు ఆమె "సరే"ల సంగతి చెప్పుకోవాలి.

ఆమె అసలు పేరు సల్వసియోన్. మా ఊళ్లో అక్కలాంటి మనిషిని మనాంగ్ అని, నాన్నంతటివాణ్ని తాతాయ్ అని, అమ్మంతటిదాన్ని నానాయ్ అని పిలుస్తాం. మంత్రసాని చదువు చదివి, పరీక్ష ప్యాసై, తండ్రి విడిచిపోయిన ఇంటి ముందు భాగంలో కాన్పుల ఇల్లు నడుపుతోంది. మా ఊళ్లో మోటారుసైకిళ్ల మీద దుమ్ము లేపే కుర్రాళ్లు, వాళ్లను తిట్టిపోసే వాళ్ల పెళ్లాలు, వాళ్ల పిల్లలు, అందరూ మొదటి ఏడుపు ఆమె చేతుల్లోనే ఏడ్చారు. పురిటి గది గుమ్మం పక్కన సాన్ రమోన్ బొమ్మ ఉంటుంది. గర్భిణులను కాచే పునీతుడాయన. ఆయన పెదవులకు తాళం వేసి ఉంటుంది. ప్రభువు మాట చెప్పకూడదని శత్రువులు వేసిన తాళం అది. నోరు అదుపులో పెట్టుకోలేనివాళ్లు ఆయన పాదాల దగ్గర ఒక చిన్న తాళంకప్ప ఉంచి మొక్కుకుంటారు.

"మనాంగ్, ఆ తాళం కొన్నాళ్లు అరువు తెచ్చుకో. నీ నోట్లోంచి 'సరే' బయటికి జారకుండా ఉంటుంది" అని పక్కింటి తాతాయ్ కోర్దో ఆమెను ఆటపట్టించేవాడు. కోడిపుంజులు పెంచే మనిషి. తన పుంజులకున్న పౌరుషంలో ఈకంతైనా ఆమెకు లేదని ఆయన బాధ.

కోర్దో మాటలో అబద్ధం లేదు. ఎవరింట్లో మనిషి పోయినా జాగారం చేసేవాళ్లు కూర్చోవడానికి కాన్పుల ఇంటి బెంచీలే వెళ్లేవి. ఆ రోజుల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్లు కిటికీ గట్టు మీద కూర్చుని తమ వంతు కోసం చూసేవారు. మందుల ఫ్రిజ్‌లో మాత్రం ఆమె ఎవరి చేపలూ పెట్టనివ్వలేదు. అంటే, వద్దని చెప్పిందని కాదు. చెప్పలేక, చేపల కోసం వేరే ఫ్రిజ్ కొంది. ఒకసారి మరియమ్మ ఊరేగింపు నాడు పల్లకీ మోసేవాడికి నడుము పట్టేస్తే, మనాంగ్ చక్రాల స్ట్రెచర్ ఇచ్చేసింది. దేవమాత పూల మధ్య స్ట్రెచర్ మీద ఊరంతా తిరిగింది. పశువులపాకలో కన్న తల్లి కదా, కాన్పుల సామాను చూసి చిన్నబుచ్చుకుని ఉండదు.

ఇలా సాగుతుండగా ఆరోగ్యశాఖ నుంచి కబురు వచ్చింది. కాన్పులు జరిగే ప్రతి ఇంటికీ ఇకమీద లైసెన్సు ఉండాలి. పురిటి గది వేరే, బాలింత పడుకునే గది వేరే ఉండాలి. స్ట్రెచర్ పట్టే తలుపులు, కరెంటు పోతే జనరేటరు, ఆపదొస్తే పట్నం ఆసుపత్రికి చేర్చే బండి, అక్కడ చేర్చుకుంటామని ఆసుపత్రి ఇచ్చిన మాట కావాలి. మెట్లున్న చోట ర్యాంపు కావాలి. క్రిస్మస్ లోపల ఇవన్నీ లేకపోతే ఇల్లు మూయాలి.

"మూస్తే మూద్దాం. నాకూ వయసైపోతోంది" అని మనాంగ్ అంది గానీ, ఆ మాట అంటూ కిటికీలోంచి ఏటివైపు చూసింది. పట్నం ఆసుపత్రి ఆ ఏటికి అవతల ఉంది. వానాకాలంలో వంతెన మీద నీళ్లు పారతాయి. అప్పుడు నొప్పులొచ్చిన పిల్లను ఎక్కడికి తీసుకెళ్తారు? ఇంట్లో వెదురు మంచం మీదే కంటారు, పాతరోజుల్లోలాగే. ఆ పాతరోజుల్లోనే మనాంగ్ తల్లి ఆమె చెల్లెల్ని కంటూ పోయింది. మనాంగ్ ఈ సంగతి ఎప్పుడూ ఎత్తదు. మేమూ ఎత్తము. కానీ ఊరంతటికీ తెలుసు.

అందుకే ఊరు ఊరంతా కదిలింది. తలుపులు కోసి వెడల్పు చేశారు. ఊరి పెద్ద కపితాన్ ఎలియోదోరో తన జీపును ఆపదల కోసం రాసిచ్చాడు. చర్చి వాళ్లం ముసుగులూ దుప్పట్లూ కుట్టాం. ర్యాంపు పని మగవాళ్లు తీసుకున్నారు. మగవాళ్లు తీసుకున్నారంటే కపితాన్ తీసుకున్నాడని అర్థం. ఆయన గుమ్మంలోంచి వీధిలోకి ఒకే ఊపులో సిమెంటు పోయించాడు.

మొదటిసారి తనిఖీకి వచ్చినావిడ పేరు మిస్ మగ్‌బనువా. నడివయసు మనిషి, నవ్వు తక్కువ, చేతిలో కొలతటేపు. లోపలంతా చూసి తలాడించింది. బయటికొచ్చి ర్యాంపు చూసి ఆగిపోయింది.

"కపితాన్‌గారూ, ఇది ర్యాంపు కాదండీ. పిల్లల జారుడుబల్ల."

"అదేం మాట మేడమ్! ఎంత గట్టిగా ఉందో చూడండి" అని కపితాన్ చక్రాల కుర్చీ తెప్పించి, అందులో తనే కూర్చున్నాడు. "ఇదిగో, ఇలా మెల్లగా..."

మెల్లగా అన్న మాట పూర్తయ్యేలోపు ఆయన వీధి దాటి వరిచేలో ఉన్నాడు. కుర్చీ నిటారుగానే నిలబడింది, ఆయన కూడా అందులోనే ఉన్నాడు. సాన్ రమోన్ దయ.

మిస్ మగ్‌బనువా నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి కొలతటేపు తీసి మళ్లీ చుట్టింది. "గుమ్మం ఎంత ఎత్తుంటే ర్యాంపు దానికి పన్నెండింతల పొడవుండాలి. అప్పుడే ఒక మనిషి స్ట్రెచర్ తోయగలుగుతాడు. మిగతావన్నీ బాగున్నాయి. మళ్లీ వస్తాను. ఈసారి కూడా ఇలాగే ఉంటే నేను చేయగలిగింది ఏమీ ఉండదు మనాంగ్. అదే ఆఖరుసారి" అంది.

పన్నెండింతల పొడవు పోవాలంటే ఇంటి పక్కగా పోవాలి. ఇంటి పక్కన తాతాయ్ కోర్దో పుంజుల పాకలున్నాయి. మనాంగ్‌కి ఇవ్వడం తెలుసు గానీ అడగడం తెలియదు. నన్ను తోడు తీసుకెళ్లి కంచె పట్టుకుని నిలబడింది.

"ఏమిటి ఇద్దరూ? నా పుంజుల్ని చూసి జపమాల చెప్పుకుంటున్నారా?" అన్నాడు కోర్దో.

"కోర్దో... నీ దొడ్డి... ఈ కంచె..." అని మనాంగ్ మొదలుపెట్టి ఆగిపోయింది.

"తెలుసు. నిన్ననే మా హెనెరల్‌తో మాట్లాడాను." హెనెరల్ అంటే ఆయన ఎర్ర పుంజు. "వాడు ఒప్పుకున్నాడు. ఇంక నేను ఒప్పుకోవడమే మిగిలింది. ఒప్పుకున్నాను. వెళ్లి కాఫీ పెట్టు."

అలా కోర్దో పుంజులు పెరటి చివరికి కాపురం మార్చాయి. మా ర్యాంపు తయారైంది. పొడవుగా, వెడల్పుగా, నున్నగా, ఒక పక్క చేతికర్రతో. చెట్టు నీడ అంటూ దాని మీద పడదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండే. మేమందరం దాన్ని చూసి మురిసిపోయాం. ఇదిగో, ఆ మురిపెంలోనే ఉంది ముప్పు.

వరి తినే ఊళ్లో నున్నటి సిమెంటు మీద నిండుగా ఎండ పడుతుంటే జనానికి ఏం గుర్తొస్తుందో మీకు నేను చెప్పాలా?

కోతలు అయ్యాయి. కోతలతోపాటు ముసురు పట్టింది. వడ్లు బస్తాల్లోనే వేడెక్కి వాసన కొడుతున్నాయి. ఊళ్లో వడ్లు ఆరబోసుకునే చోటు బాస్కెట్‌బాల్ కోర్టు ఒక్కటే. దాన్ని కపితాన్ కొత్తగా వేయిస్తానని తవ్వించాడు. తవ్వించడం వరకూ పూర్తయింది.

మిస్ మగ్‌బనువా వస్తానన్న రోజు తెల్లవారేసరికి ఎండ విరగకాసింది. ఆవిడ మధ్యాహ్నం దాటాక వస్తానని ఫోనులో చెప్పింది. ప్రార్థన అయ్యీ అవగానే నానాయ్ ఇసియాంగ్ చాప చంకన పెట్టుకుని వచ్చింది. మొగుడు పోయిన మనిషి, ఒక్క చెక్క పొలం, ఏడాది తిండి ఆ వడ్లే.

"సాల్వింగూ, రాత్రి చెయ్యి పెట్టి చూశానే. మొలక తగిలింది" అంది.

"అయ్యో నానాయ్."

"ఒక్క పూట ఎండ చాలే తల్లీ. వాళ్లొచ్చేలోపు ఎత్తేస్తాను. గింజ మిగలనివ్వను."

నేను మనాంగ్ మోచెయ్యి లాగాను. కోర్దో కంచె అవతల నుంచి దగ్గాడు. మనాంగ్ సాన్ రమోన్ వైపు చూసింది. ఆయన తాళం ఆయన నోటికే ఉంది.

"సరే నానాయ్. తొందరగా ఎత్తేయి."

నానాయ్ ఇసియాంగ్‌కి ఇచ్చాక ఎదురింటివాళ్లకు ఎలా లేదంటాం? ఎదురింటివాళ్లకు ఇచ్చాక వాళ్ల తోడికోడలికి? కాఫీ తాగి వచ్చి చూసేసరికి ర్యాంపు కింది నుంచి పై దాకా బంగారు తివాచీ పరిచినట్టుంది. కపితాన్ వడ్లు కూడా ఉన్నాయి. "కాళ్లు పెట్టకండర్రా, ఇది గవర్నమెంటు ర్యాంపు" అని కోళ్లను అదిలిస్తూ నిలబడ్డాడాయన.

సరిగ్గా అప్పుడే ఆరోగ్యశాఖ బండి వచ్చి ఆగింది. అవతలి ఊళ్లో తనిఖీ త్వరగా అయిపోయిందట.

మిస్ మగ్‌బనువా దిగి ర్యాంపు చూసింది. వడ్లు చూసింది. మమ్మల్ని చూసింది. కపితాన్ చేతిలో కోళ్లను తోలే కర్ర ఉంది.

"మేడమ్, ఇది... ర్యాంపు గట్టితనం పరీక్షిస్తున్నాం" అన్నాడాయన.

"అలాగా. మొన్న మిమ్మల్ని పెట్టి పరీక్షించారు, ఇవాళ వడ్లతోనా?" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. దానికే మాకు ఎక్కువ భయం వేసింది. "నేను ముందు లోపల చూస్తాను. ర్యాంపు ఆఖరున చూస్తాను. ఆఖరున నా కంటికి ఏది కనబడితే అదే రాస్తాను. కాఫీ వద్దు మనాంగ్, మాకు తీసుకోకూడదని నియమం. మంచినీళ్లు చాలు."

నేనే నీళ్లు పోశాను.

ఆవిడ లోపలికి వెళ్లగానే చీపుర్లు లేచాయి. ఒక్క కొస ఎత్తామో లేదో, కొండ మీద నుంచి నల్లగా మబ్బు దిగింది. వడ్లు ఆరబోసిన మనిషికి మబ్బు కనబడితే ఇంకేమీ కనబడదు. లైసెన్సూ లేదు, ఆఫీసరూ లేదు. ఒకడు చెక్కతో దూస్తున్నాడు, ఒకతె చాప మడుస్తోంది, నానాయ్ ఇసియాంగ్ "యేసూ, మరియా, జోసెఫూ" అంటూ ఒళ్లోకి ఎత్తుకుంటోంది. ఇళ్లకు మోసే టైము లేదు. దగ్గర్లో కప్పు ఉన్నది ఒకటే, ర్యాంపు పై కొసన. ఆ తలుపులు కూడా ఎంతో వెడల్పు.

నేను తల ఎత్తి చూద్దును కదా, లోపల ఉండాల్సిన మిస్ మగ్‌బనువా అక్కడ లేదు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బూట్లు విప్పి, మా మధ్యన చెక్క పట్టుకుని వడ్లు దూస్తోంది!

"అలా కాదమ్మా, పైనుంచి కిందికి లాగితే నీళ్లలో కలుస్తాయి. కింది నుంచి పైకి తోయండి! మా నాన్న ఇలాగే తోసేవాడు" అని అరుస్తోంది. "బస్తాలు స్ట్రెచర్ మీద పెట్టండి! తోయండి, తోయండి!"

స్ట్రెచర్ మీద బస్తాలు పేర్చి ఆవిడే తోసింది. ఒక్క చేత్తో. అది ఊరి పెళ్లికొడుకు నడిచినంత నిమ్మళంగా పైకి వెళ్లింది. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. ఆఖరి బస్తాలు ఇంకా కిందే ఉండగా వాన దబ్బున పడింది.

లోపల ఊపిరి తీసుకున్నాక చుట్టూ చూసుకున్నాం. జనం కూర్చునే హాల్లో వడ్లు. బాలింతల గదిలో మంచాల మీద బస్తాలు. బిడ్డ బరువు తూచే త్రాసు మీద ఎవరిదో మూట. ఒక్క పురిటి గది తలుపు మూసి ఉంది. మిస్ మగ్‌బనువా జుట్టులోంచి నీళ్లు కారుతుండగా ఒక బస్తా మీద కూలబడి, తను చేసిన పని తనే చూసుకుంది.

"ర్యాంపు బాగుంది" అంది మెల్లగా. "వాలు సరిగ్గా ఉంది. నేనే తోశాను, కొలవక్కర్లేదు."

కపితాన్ చప్పట్లు కొట్టబోయాడు.

"ఆగండి. ర్యాంపు కాదు ఇప్పుడు సమస్య. మనాంగ్, తలుపులు నియమం ప్రకారం వెడల్పుగా ఉన్నాయి, బాగానే ఉంది. కానీ వాటిని మూసే మనిషేరీ? ఇప్పుడొక తల్లి వస్తే ఎక్కడ పడుకోబెడతారు? ఇక్కడికి ఎవరు ఏది తెచ్చినా సరే అంటారట మీరు, ఊరంతా నవ్వుతూ చెబుతోంది. నేను కూడా తెచ్చాను, నన్నూ ఆపలేదు. ఇలాంటి ఇంటికి నేను లైసెన్సు ఎలా రాయను?"

మనాంగ్ తల వంచుకుని, నేల మీద గింజల్ని కాలి బొటనవేలితో ఒక పక్కకు చేరుస్తూ నిలబడింది. అంతలో వానలోంచి మూడు చక్రాల బండి హారను వినబడింది.

తాతాయ్ కోర్దో కోడలు హెర్మిలిన్. రెండో కాన్పు. బండిలో మొగుడి భుజం కొరుకుతోంది.

ఆ తర్వాత మనాంగ్‌ను అడిగినవాళ్లు లేరు, ఆగినవాళ్లు లేరు. హాల్లో బస్తాలు రెండు పక్కలకూ జరిగాయి, స్ట్రెచర్ తడి తుడుచుకుని కిందికి వెళ్లి పిల్లతో పైకి వచ్చింది. కోర్దో తన పుంజుల పాకల తలుపులు తెరిచి, "ఇటు తెండి వడ్లు, ఇటు తెండి! హెనెరల్‌గాడు ఇవాళ విందు చేసుకుంటాడు" అని అరిచాడు. మనాంగ్ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని పురిటి గది తలుపు తెరిచింది. లోపల నేల అద్దంలా ఉంది. దుప్పటి మీద ముడత లేదు.

ఆ పొడి నేలను ఇంకొకరు కూడా చూశారు. నానాయ్ ఇసియాంగ్ ఆఖరి బస్తా ఈడ్చుకుంటూ చూరు వైపు తెరుచుకునే ఆ గది గుమ్మం దాకా వచ్చింది. చూరు కింద నిలబడ్డా జల్లు కొట్టి బస్తా తడుస్తోంది.

"సాల్వింగూ, ఈ మూలన పెడతానే. ఒక్కటే తల్లీ. కనబడకుండా పెడతాను."

"వద్దు నానాయ్."

మాకు సరిగ్గా వినబడలేదేమో అనుకున్నాం.

"పక్కన హాల్లో చోటు లేదే! తడిసిపోతోంది. మొలకొచ్చిన గింజే..."

"తడిస్తే తడవనీ నానాయ్. ఈ గుమ్మం దాటి ఏదీ రాకూడదు."

నానాయ్ ఇసియాంగ్ బస్తా మీద పడి దాన్ని తన ఒంటితో కప్పుకుంది. ఆరోగ్యశాఖ ముద్ర ఉన్న వానకోటు ఒకటి వచ్చి ఆమె మీద, బస్తా మీద పడింది. కోటు లేని మిస్ మగ్‌బనువా తలుపు దగ్గరికి నడిచింది.

"మనాంగ్, నేను ఈ గది ఇంకా చూడలేదు. నేల ఎలా ఉందో ఒక్కసారి..."

"లేదమ్మా. లోపల తల్లి ఉంది. తర్వాత."

"నేను ఆఫీసర్ని మనాంగ్."

"మీరు ఒళ్లంతా వడ్ల దుమ్మమ్మా" అంది మనాంగ్, ఎంతో మర్యాదగా, తలుపు మూసింది. గడియ పడిన చప్పుడు మా ఊరు వినడం అదే మొదటిసారి.

కోర్దో సాన్ రమోన్ వైపు తిరిగి సిలువ వేసుకున్నాడు. కోడలి కోసమే వేసుకున్నాడని ఇప్పటికీ అంటాడు.

మిస్ మగ్‌బనువా ఆ తలుపు ముందే బెంచీ మీద కూర్చుంది. తను తెచ్చుకున్న అన్నం, ఎండుచేప డబ్బాలోంచి తీసుకుని తింది. నానాయ్ ఇసియాంగ్ ఏమీ తినలేదని చూసి, తన చేపలో సగం ఆకు మీద పెట్టి ఆమె వైపు జరిపింది. మేం పెట్టేది తీసుకోకూడదన్న నియమం ఉంది గానీ, తను పెట్టకూడదన్న నియమం లేదు కాబోలు. వాన వెలిసి, ర్యాంపు మీద నీళ్లు జారిపోయి, మళ్లీ ఎండ పొడ పడేవేళకు బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. తలుపు తెరుచుకున్నాక మిస్ మగ్‌బనువా చేతులు కడుక్కుని, కాళ్లు కడుక్కుని, మనాంగ్ ముఖం వైపు చూసి, ఆమె "ఇప్పుడు రండి" అన్నాకే లోపలికి వెళ్లింది.

వెళ్లేముందు ఒకటే చెప్పింది. "మొలకలెత్తిన వడ్ల బస్తా ఒకటి బయట ఉంది, చూశాను. ఆ బస్తా లోపల ఉండి ఉంటే నేను రాసేది వేరే. ర్యాంపు కింద ఒక గేటు పెట్టించి, తాళం వేయండి. ఫోటో పంపండి."

లైసెన్సు క్రిస్మస్ నవదిన ప్రార్థనలు మొదలయ్యేలోపే వచ్చింది. కపితాన్ దానికి అద్దం కట్టించి, తనే మేకు కొట్టి, తన వేలు మీద కూడా కొట్టుకున్నాడు.

నానాయ్ ఇసియాంగ్ మాత్రం కొన్ని ఆదివారాలు పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునేవేళ అందరివైపూ తిరిగి, మనాంగ్ వైపు వచ్చేసరికి మెడ పట్టేసినట్టు ఉండిపోయేది. ఈలోపు ఎవరెవరో ఆమె అరుగు మీద తెల్లవారకముందే బియ్యం పెట్టి పోతుండేవారు. ఎవరని ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఒక మూటకు మాత్రం కాన్పుల ఇంట్లో బొడ్డుకు కట్టే నూలు దారం కట్టి ఉంది.

ఒకనాడు ఆమె ఆకుల్లో చుట్టిన జిగురన్నం ఉండలు తెచ్చి మనాంగ్ బల్ల మీద దబ్బున పెట్టింది.

"తడిసిన వాటిల్లో బాగున్నవి ఏరి చేశాను. వాసనొస్తే ఆ పాపం నీదే."

"వాసనేం లేదు నానాయ్" అంది మనాంగ్, నోటినిండా పెట్టుకుని. వాసన ఉంది. నేనూ తిన్నాను.

"అయితే ఇవాళ ఎండ కాస్తుందట. మళ్లీ కొంచెం వడ్లున్నాయి." నానాయ్ గేటు వైపు చూసింది. "ఆ తాళంచెవి..."

తాళంచెవి సాన్ రమోన్ మెడలో వేలాడుతోంది. మనాంగ్ దాని వైపు చూడనైనా చూడలేదు.

"ఇవ్వను నానాయ్."

"ఇవ్వవా?"

"ఇవ్వను."

నానాయ్ ఇసియాంగ్ నిట్టూర్చి, చంకలోని చాప సర్దుకుని లేచింది. ర్యాంపుకు మిగిలిన సిమెంటుతో కపితాన్ ఈమధ్యే చర్చి ముంగిట కొంత మేర నున్నగా పోయించాడు. దూరం కాస్త ఎక్కువ, చాప బరువు.

"ఆగు నానాయ్" అని మనాంగ్ చేతులు తుడుచుకుని, చాప రెండో కొస తన భుజాన వేసుకుంది. ఇద్దరూ చర్చి దారిన నడిచారు. వెనకనుంచి కోర్దో కేకేస్తున్నాడు: "ఏమిటి మనాంగ్, కాదన్నాక కూడా మోస్తున్నావా? ఈ జన్మకు నీకు బుద్ధి రాదు!"

"సరే కోర్దో!" అంది మనాంగ్, వెనక్కి తిరగకుండానే.